ఎర్రగీత గీసిన చేతులు ఎవరివి?

పేరు అడిగేవరకు ఇల్లు ఖాళీగానే ఉంటుంది. పేరు వినగానే యజమానికి ఊరి నుంచి బంధువులు వస్తున్నట్టు గుర్తుకొస్తుంది. అద్దె ఇంటి కోసం నగరాలలో తిరిగిన మన కుటుంబాలకు ఈ జవాబు కంఠస్థం. చివరకు మనవాళ్ళున్న బస్తీకే చేరుకుంటాం. అప్పుడు లోకం మనల్నే నిందిస్తుంది: వీళ్ళు ఎవరితోనూ కలవరు, గుంపుగానే బతుకుతారు అని.

ఈ నిందను మేము అంగీకరించం. నగరంలో ఎవరు ఎక్కడ ఉండాలో కేవలం ఇష్టాయిష్టాలు తేల్చవు. చట్టం, బ్యాంకు, భయం కలిసి తేలుస్తాయి.

అమెరికాను చూడండి. 1930లలో అక్కడి ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీసి, నల్లజాతివారి వాడలకు ఎర్రరంగు పులిమింది. ఆ రంగు పడినచోట ఇంటి అప్పు పుట్టడం గగనమైంది. నల్లవారికి అమ్మరాదన్న షరతులు దస్తావేజులకెక్కాయి. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే, ఇంటి అమ్మకంలోనూ అద్దెలోనూ వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. దానితో వివక్ష అంతరించిందని మేము అనడం లేదు. కానీ తలుపు మూసినవాణ్ణి కోర్టుకీడ్చే హక్కు దక్కింది.

మన దేశంలోనూ ఎర్రగీత ఉంది. ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాలను బ్యాంకులు 'ఎర్ర మండలాలు'గా పరిగణిస్తున్నాయన్న ఫిర్యాదును 2006లో సచార్ కమిటీయే నమోదు చేసింది. అహ్మదాబాద్‌లోని జుహాపురా 1973 వరద బాధితుల కోసం కట్టిన కాలనీతో మొదలైంది. అక్కడ తొలుత హిందువులు, ముస్లింలు కలిసే ఉన్నారు. వరుస అల్లర్లు దానిని ముస్లింల ఆశ్రయంగా మార్చాయి. భయంతో ఆస్తులను తెగనమ్ముకోకుండా కాపాడతామంటూ గుజరాత్ తెచ్చిన 1991 కల్లోలిత ప్రాంతాల చట్టం, ఆచరణలో ఒక మతంవారు మరో మతంవారి నుంచి ఇల్లు కొనకుండా అడ్డుగోడగా నిలిచింది. పార్సీలకే సభ్యత్వమన్న ఒక గృహనిర్మాణ సంఘం నియమాన్ని 2005లో మన సుప్రీంకోర్టు సమర్థించింది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణం, హోటలు తలుపులు తెరిపించింది. అద్దె ఇంటి తలుపును పేరెత్తి చెప్పలేదు.

సంపన్న దేశాల నుంచి మనం ఎత్తైన మేడలను, ఫ్లైఓవర్లను తెచ్చుకున్నాం. ఆ చట్టాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలను మేము అడుగుతున్నాం: మతం, కులం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నేరం చేయండి. బస్తీలకు రుణం, పార్కు, మురుగుకాలువ ఇతర కాలనీలతో సమానంగా ఇవ్వండి.

మనలోని ఇంటి యజమానులకూ ఒక మాట. దళితుడని ఒకరిని గుమ్మం నుంచి తిప్పి పంపిన చేయి, న్యాయం కోరుతూ పైకి లేవలేదు. మనం అడిగే చట్టం మన గుమ్మానికీ వర్తించాలి.