పిల్లలకు టోర్నమెంటు కాదు, సీజన్ కావాలి

తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ అధికారులకు, తెలంగాణ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యవర్గానికి,



పదహారు జట్లతో పిల్లల నాకౌట్ టోర్నమెంటు పెడితే మొదటి రౌండు ముగిసేసరికి ఎనిమిది జట్లు ఇంటిదారి పడతాయి. టోర్నమెంటు మొత్తానికి పదిహేనే మ్యాచ్‌లు. చీకటితో లేచి, షిన్‌గార్డులు సాక్సుల్లోకి దోపుకుని, నాన్న బండి వెనక కూర్చుని వచ్చిన పన్నెండేళ్ళ పిల్లాడికి ఆ రోజు దక్కేది మహా అయితే నలభై నిమిషాల ఆట. బెంచి మీద కూర్చోబెడితే అదీ లేదు. కప్పు ఎత్తుకెళ్ళిన జట్టు ఆడేది కూడా నాలుగు మ్యాచ్‌లే. చాలా చోట్ల చిన్న క్లబ్బులు వారానికి నాలుగు పొద్దులు ప్రాక్టీసు పెట్టుకుని, ఏడాదంతా ఎదురుచూసేది ఇలాంటి టోర్నమెంట్ల కోసమే.

అవే పదహారు జట్లను ఎనిమిదేసి చొప్పున రెండు గ్రూపులు చేసి, ఒక్కో జట్టూ తన గ్రూపులోని మిగతా ఏడింటితో రెండేసి సార్లు ఆడేలా లీగ్ పెడితే? ప్రతి పిల్లాడి జట్టుకూ 14 మ్యాచ్‌లు వస్తాయి. మొత్తం 112. పెద్ద గ్రౌండును అడ్డంగా నాలుగు చిన్న పిచ్‌లుగా విడగొట్టి కోన్లు పెడితే, ఒక గ్రూపు మ్యాచ్‌లు నాలుగూ ఒకేసారి జరిగిపోతాయి. రెండు గ్రూపులకూ కలిపి ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు. దీపావళి వెళ్ళాక మొదలుపెడితే, సంక్రాంతికి ఒక వారం విడిచిపెట్టినా, పరీక్షల హడావుడి రాకముందే ముగుస్తుంది. ఇందుకు కొత్త స్టేడియం కట్టక్కర్లేదు. ఒక గ్రౌండు, పదిహేను ఆదివారాలు, ముందుగా ప్రకటించిన షెడ్యూలు ఉంటే చాలు.

మ్యాచ్‌ల సంఖ్య ఒక్కటే కాదు, వాటిలో పిల్లలు ఎలా ఆడతారన్నదీ మారుతుంది. నాకౌట్‌లో గోలీ తన డిఫెండర్‌కు బంతి అందించగానే సైడ్‌లైన్ నుంచి ‘కొట్టేయ్! కొట్టేయ్!’ అని కేకలు మొదలవుతాయి. పిల్లాడు తల ఎత్తి చూడడు. బంతిని కాలికింద ఆపి అటు తిరిగితే ఖాళీగా ఉన్న స్నేహితుడు కనిపిస్తాడు. కానీ తిరగడు. బలమంతా పెట్టి తంతాడు, బంతి బయట పడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. కోచ్‌ను తప్పుపట్టలేం, ఒక్క గోల్ పడితే ఆయన జట్టు సీజన్ అక్కడితో సరి. వచ్చే ఆదివారం మరో మ్యాచ్ ఉందని తెలిసిన కోచ్ అయితే ‘తిరుగు, పర్లేదు, పోతే పోనీ’ అనగలడు. ఆ ధైర్యం కోచ్‌కు షెడ్యూలు నుంచే రావాలి. ప్లేయర్ డెవలప్‌మెంట్ అని మనం గొప్పగా చెప్పుకునేదానిలో సగం ఇక్కడే ఉంది. దిగితే గానీ లోతు తెలియదు. పిల్లలు తప్పులు చేసి మళ్ళీ దిగే అవకాశం మ్యాచ్‌లలోనే దొరకాలి.

ఈ ఆలోచన హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నారు. అంటే ఈ లేఖ అందుకునే వారిలో కొందరు కూర్చున్న కుర్చీ లాంటి దానిలోనే ఆయనా కూర్చున్నారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన మీద సినిమా కూడా వచ్చింది కాబట్టి ఈ పతకాల సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. రహీమ్ సాబ్ కుర్రాళ్ళకు పెట్టిన పోటీల సంగతే అంతగా ప్రచారంలోకి రాలేదు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, పాస్‌లతోనే ఆడాలి అని ఒక టోర్నమెంటు. అలవాటు లేని కాలితోనే తన్నాలని మరొకటి. పిల్లలకు ఏది రాదో చూసి, అది వచ్చేలా ఆట నియమాన్నే మార్చేశారాయన. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ వాతావరణంలో పెరిగినవాడే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ చేశాడు. హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... ఒక్క నగరం నుంచి ఇంతమంది రావడాన్ని అదృష్టం ఖాతాలో వెయ్యలేం.

జర్మనీ 2000 యూరో కప్‌లో గ్రూపులో అట్టడుగున నిలిచాక పిల్లల శిక్షణను మొదటినుంచీ తిరగరాసుకుంది. 2014లో ప్రపంచ కప్ గెలిచింది. అక్కడితో ఊరుకోలేదు. 2024-25 సీజన్ నుంచి పదకొండేళ్ళలోపు పిల్లలకు చిన్న పిచ్, తక్కువమంది ఆటగాళ్ళు, చిన్న గోల్‌పోస్టులు అనే పద్ధతిని దేశమంతటా తప్పనిసరి చేసింది. వాళ్ళలో మరీ చిన్నవాళ్ళకు పాయింట్ల పట్టిక కూడా ఉండదు. మన దగ్గరా పదేళ్ళలోపు వారికి పట్టిక అవసరం లేదు. పన్నెండేళ్ళలోపు విభాగం నుంచి లీగ్ మొదలుపెడితే సరిపోతుంది. గెలుపు తొందర ఎంత తగ్గితే, వయసు దాచి పెద్ద పిల్లల్ని దించాలనే తాపత్రయమూ అంత తగ్గుతుంది.

ఫిఫా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్)లతో కలిసి హైదరాబాద్‌లో ప్రతిభా అకాడమీకి రాష్ట్రం ఒప్పందం చేసుకోవడం మంచి కబురు. అది నిలబడాలి. అయితే అకాడమీలో చోటు దొరికేది కొన్ని పదులమందికి. వాళ్ళను ఎక్కడ చూసి ఎంచుతారు? ఒక రోజు సెలెక్షన్స్‌లో, చెస్ట్ నంబరు అంటించుకున్న వందలాది పిల్లల్లో, బంతి రెండుసార్లు కాలికి తగిలిన కుర్రాడి సత్తా ఎవరూ పట్టుకోలేరు. ఆ రోజు ఒడ్డూపొడుగూ ఉన్నవాడే కళ్ళకు కనిపిస్తాడు. పదునాలుగు ఆదివారాలు ఒకే అమ్మాయి ఆట చూసిన స్కౌట్ చెప్పే మాటకు విలువ వేరు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరిన గుగులోత్ సౌమ్య లాంటివాళ్ళు జిల్లాల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో తెలియాలంటే జిల్లాల్లో ఆట జరగాలి. అందుకే బాలికల లీగ్‌ను బాలుర లీగ్‌తో పాటే, అదే గ్రౌండులో, అదే రోజు మొదలుపెట్టాలి. తర్వాత చూద్దామంటే ఆ తర్వాత రాదు.

పెద్ద క్లబ్బుల మీద ఆశ పెట్టుకుని కూర్చోవడానికీ లేదు. 2022 మార్చి 20న గోవాలో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ కప్ తెచ్చిపెట్టినప్పుడు ఈ నగరం ఊగిపోయింది. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఇక్కడి మరో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం దాకా వెళ్ళింది, దాని శ్రమకు దండం పెట్టాలి. యజమానులు మారినా పోనిది మాత్రం పేటల్లో, జిల్లా కేంద్రాల్లో ఉన్న చిన్న క్లబ్బే.

ఆ చిన్న క్లబ్బుకు డబ్బు వచ్చే దారీ ఒకటుంది. ఒక ఆటగాడు కాంట్రాక్టు మధ్యలో ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు అమ్ముడుపోతే, ఫిఫా నియమాల ప్రకారం ఆ సొమ్ములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ళ మధ్య ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. ఈ లెక్కలు చూసేందుకు 2022 నవంబర్ నుంచి ఫిఫా క్లియరింగ్ హౌస్ పనిచేస్తోంది. పన్నెండో ఏట ఆ పిల్లాడు ఏ క్లబ్బులో రిజిస్టర్ అయ్యాడో రికార్డు ఉంటేనే వాటా. గ్రౌండు గడ్డి కోయించడానికీ బంతులు కొనడానికీ చందాలడిగే కోచ్‌లలో చాలామందికి కంప్యూటర్ ముందు కూర్చుని ఈ రిజిస్ట్రేషన్ పూర్తిచేసే తీరిక ఉండదు. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి జిల్లాలో ఒక రోజు మీ సిబ్బందే గ్రౌండుకు వచ్చి, పుట్టిన తేదీ పత్రాలు చూసి, అక్కడికక్కడే పేర్లు ఎక్కించగలరు.

ఈ ఏడాది చెయ్యదగ్గవి నాలుగు. దసరా సెలవులకు ముందే పన్నెండు, పద్నాలుగు ఏళ్ళలోపు బాలబాలికల లీగ్ షెడ్యూలు, గ్రౌండ్ల పేర్లతో సహా ప్రకటించండి. జట్టులో పేరున్న ప్రతి పిల్లాడూ, పిల్లా ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం సేపు ఆడాలని నియమం పెట్టండి. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ ఆటగాళ్ళను రిఫరీలుగా తయారుచేసి మ్యాచ్‌కు ఇంత అని ఇవ్వండి. సీజన్ పూర్తయ్యాక, ఎవరు కప్పు గెలిచారన్న వార్తతో పాటు ఏ జిల్లాలో ఎంతమంది పిల్లలు ఎన్ని నిమిషాలు ఆడారో కూడా అచ్చువేయించండి. ఆ కాగితం పట్టుకుని రెండో ఏటి సంగతి మాట్లాడుకోవచ్చు.