పారేసే ముందు పరీక్షించండి!

సైన్సు చదువుతున్నామని గొప్పగా చెప్పుకునే మనం ల్యాబు గడప దాటగానే ప్రయోగం మాటే మరిచిపోతాం. కటువుగా ఉన్నా ఇది నిజం. కంప్యూటరు సంగతే చూడండి. అమ్మినవాడు ఏది ఎక్కించి ఇస్తే అదే కంప్యూటరు అనుకుంటాం. విండోస్ కాక ఇంకోటి ఉందంటే "మనకెందుకులే బాబూ" అని తప్పుకుంటాం.

ఇకపైన అలా తప్పుకోవడం కుదరదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, దానికి తగ్గ ప్రాసెసరు ఉండాలి. అవి లేని యంత్రాలు ఎన్నో! తెర బాగుంది, కీబోర్డు బాగుంది, అయినా "పాతదైపోయింది, పారెయ్" అంటున్నారు. కొత్త ల్యాప్‌టాపు కొనాలంటే మాబోటి రైతు ఇళ్లలో పంట డబ్బు చేతికి రాకముందే ఖర్చయిపోయినట్టే.

కొత్త విత్తనం వచ్చిందంటే ఏ రైతూ పొలమంతా చల్లెయ్యడు. ఓ మూల పది సెంట్లలో వేసి చూస్తాడు. పెన్ డ్రైవు మీద లైనక్స్ నడిపి చూడడం కూడా అలాంటిదే. 8 జీబీ పెన్ డ్రైవు చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక ముందే వేరేచోట దాచుకోవాలి. లైనక్స్ మింట్ ఉచితంగా దింపుకుని, రూఫస్ వంటి సాధనంతో పెన్ డ్రైవుకి ఎక్కించాలి. కంప్యూటరు ఆన్ చేస్తూనే ఎఫ్12 (కొన్నిటికి వేరే మీట) నొక్కి పెన్ డ్రైవుని ఎంచుకోవాలి. అంతే! లైనక్స్ మెమరీలో నడుస్తుంది, డిస్కులో విండోస్ ఉన్నచోటే ఉంటుంది. ఆపేసి పెన్ డ్రైవు తీసేస్తే మళ్లీ పాత విండోసే. తెర మీది 'ఇన్‌స్టాల్' బొమ్మ జోలికి మాత్రం పోకండి. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

ఇక చూడవలసినవి: వైఫై తగులుతోందా? శబ్దం వస్తోందా? ప్రింటరు పనిచేస్తోందా? తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయా? మన ప్రాజెక్టు రిపోర్టు లిబ్రెఆఫీసులో తెరుచుకుంటోందా? వేగాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకండి. పెన్ డ్రైవు మీంచి నడిచేది కాస్త నెమ్మదిగానే ఉంటుంది.

లైనక్స్ సర్వరోగ నివారిణి అని నేననను. టాలీ నేర్చుకునే బి.కాం. మిత్రులకి విండోస్ కావాలి, ఉంచుకోనివ్వండి. కానీ లైనక్స్ "మనబోటి వాళ్లకి కాదు" అనే మాట ఒప్పుకోను. 1991లో దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అప్పటికి హెల్సింకీ విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ల విద్యార్థి. మనకన్నా ఒక్క ఏడాది పెద్ద! మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది లైనక్సే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు నేర్చుకుంటున్నదీ లైనక్స్ మీదే. దాని సోర్సు కోడు ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు. చదువుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కనుక యూనియన్ మిత్రులకీ, అధ్యాపకులకీ ఒక విన్నపం. ల్యాబులో మూలనపడ్డ యంత్రాలు వేలానికి పోకముందు ఒక్క శనివారం మా చేతికివ్వండి. ఏది నడిచిందో, ఏది నడవలేదో రికార్డు రాసి మీకు చూపిస్తాం. నడిచినవి హాస్టలు విద్యార్థులకి ఇవ్వండి. నడవనివి నిరభ్యంతరంగా పారెయ్యండి. పరీక్షించకుండా పారెయ్యడం మాత్రం సైన్సు కాదు.

— బి.యస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి