ఎల్లగా మారిన యేరు

పాఠశాల గోడకు వ్రేలాడు ఉత్తర అమెరికా పటములో ఒకచోట రెండు గీతలు కలిసిపోవును. ఒకటి నదిని తెలుపు నీలిగీత. రెండవది అమెరికా సంయుక్త రాష్ట్రములకును మెక్సికోకును నడుమనున్న సరిహద్దు గీత. ఎల్ పాసో నగరము మొదలు మెక్సికో సింధుశాఖ వరకు, సుమారు 1,250 మైళ్ల దూరము, ఈ రెండును ఒక్కటే. ఆ గీత ఏనాడో గీయబడి కదలక నిలిచియున్నదని పటమును చూచు విద్యార్థి తలచుట సహజము. కాని నీలిగీత నీటిది. నీరు ఎండును, పొంగును, ఒడ్డును కోయును, దారి మార్చును. నిలకడలేని దానిని నిలకడగల హద్దుగా ఎన్నుకొన్నప్పుడు రెండు జాతులకు ఏమి సంభవించునో ఈ నది చరిత్ర చక్కగా తెలుపుచున్నది.

ఉత్తరపు ఒడ్డువారు దీనిని రియో గ్రాండే అందురు. పెద్ద యేరు అని అర్థము. దక్షిణపు ఒడ్డున ఇదియే రియో బ్రావో; ఉద్ధతమైన యేరు అని అర్థము. రెండును స్పానిషు భాషలోని పేర్లే. ఒక పేరు దాని పరిమాణమును చెప్పుచున్నది, రెండవది దాని స్వభావమును చెప్పుచున్నది. నేటి నదిని చూచినవారికి మొదటి పేరు పలుచోట్ల అతిశయోక్తిగా తోచును. రెండవ పేరు మాత్రము వరద వచ్చిననాడు ఇప్పటికిని సార్థకమే.

కొలరాడో రాష్ట్రమున, సాన్ హువాన్ పర్వతములపై, 12,000 అడుగులకు పైబడిన ఎత్తున ఈ నది పుట్టుచున్నది. అచ్చటినుండి సముద్రము వరకు దీని నిడివి సుమారు 1,900 మైళ్లు. శీతకాలమున కొండలపై పేరుకొన్న మంచు వసంతమున కరగి దీనికి ప్రాణము పోయును. మే, జూను మాసములలో ఎగువనది నిండుగా పారును. సాన్ లూయీ లోయలోని పొలములను తడిపి, న్యూ మెక్సికో రాష్ట్రమున టావోసు పట్టణము చెంత నల్లరాతిని లోతుగా కోసికొనిన లోయగుండా సాగి, ఆల్బుకర్కీ నగరమును చేరును. ఈ తీరమున పుయెబ్లో జనులు ఐరోపావారి రాకకు ముందే నదినీటితో మొక్కజొన్న పండించిరి. 1598లో స్పెయినువారు వచ్చి స్థిరపడిన పిమ్మట ఊరుమ్మడి కాలువలను త్రవ్విరి. ఆ కాలువలను ఊరివారందరు కూడి ఏటేట పూడిక తీసి బాగుచేసికొను ఆచారము కొన్ని గ్రామములలో నేటికిని నిలిచియున్నది.

ఎల్ పాసో చేరునప్పటికి నది ఎడారిలో ప్రవేశించును. అచ్చట ఏడాదికి కురియు వాన సుమారు 9 అంగుళములు మాత్రమే. 1916లో న్యూ మెక్సికోలో ఎలిఫెంటు బ్యూటు ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఎగువనీరు చాలవరకు పొలములకే పోవుచున్నది. ఎల్ పాసో దాటిన పిదప కొంతదూరము నదీగర్భమున ఇసుకయు, ఉప్పుపొరలును, వెలుపలినుండి వచ్చి పాతుకొనిన చీకి పొదలును మిగిలినవి. ఆ భాగమును అచ్చటివారు మరచిన భాగమని పిలుచుచున్నారు. నది కథ అక్కడితో ముగిసిపోవలసినదే. కాని మెక్సికోలోని పశ్చిమ సియెర్రా మాద్రె పర్వతములలో పుట్టిన కొంచోసు నది ఓహినాగా పట్టణము కడ వచ్చి కలియును. దిగువనదికి అదియే రెండవ జన్మము. కొంచోసునకు మంచుతో పనిలేదు. అది వేసవివానల నది. జూలై మొదలు సెప్టెంబరు వరకు దాని పొంగు వచ్చును. కనుక పటమున ఒక్క పేరుతో కనబడు ఈ నదిలో నిజమునకు రెండు నదులు కలవు. ఎగువది అమెరికా మంచు, దిగువది చాలవరకు మెక్సికో వాన. ఈ సంగతి గ్రహింపనివారికి రెండు దేశముల నీటి తగవు ఎన్నటికిని బోధపడదు.

కొంచోసు కలిసిన తరువాత నది బలము పుంజుకొని గొప్ప మలుపు తిరుగును. ఆ మలుపునందు శాంటా ఎలేనా, మరిస్కాల్, బొకీయాసు అను మూడు కనుమలు కలవు. శాంటా ఎలేనా కడ ఇరుప్రక్కల సున్నపురాతి గోడలు 1,500 అడుగుల ఎత్తున నిలువుగా లేచియుండును. ఆ ఇరుకున ఒక గోడ ఒక దేశము, ఎదుటి గోడ మరియొక దేశము. రాతిలో మాత్రము భేదము లేదు. పిమ్మట పేకోసు నది వచ్చి కలియును. అటుపైన ఇరుదేశములు కలిసి కట్టిన అమిస్తాదు, ఫాల్కన్ జలాశయములు కలవు. ఫాల్కన్ ఆనకట్టకు 1953లోను, అమిస్తాదునకు 1969లోను రెండు దేశముల అధ్యక్షులు కలిసి ప్రారంభోత్సవము జరిపిరి. అమిస్తాదు అనగా స్నేహము. దిగువన చదునైన నేలపై మెలికలు తిరుగుచు, చెరకు, నారింజ, కూరగాయల తోటలను పోషించుచు నది సింధుశాఖను చేరవలెను. 2001లో చేరలేకపోయినది. నీటి ఉరవడి చాలక నదీముఖమున ఇసుకతిన్నె అడ్డుపడి, నది సముద్రమును చేరకయే ఆగిపోయినది. 2022 వేసవిలో ఆల్బుకర్కీ నగరమునందే నది ఎండినది. అచ్చట అట్లు జరుగుట సుమారు నలువది ఏండ్లలో అదియే మొదటిసారి.

ఈ నది ఎల్లయగుట ప్రకృతి నిర్ణయము కాదు. 1836లో మెక్సికోనుండి విడివడిన టెక్సాసు తన దక్షిణపు హద్దు రియో గ్రాండే అనెను. మెక్సికో మరింత ఉత్తరమున నున్న న్యుయేసెసు నదియే హద్దు అనెను. 1845లో టెక్సాసు అమెరికాలో చేరగా, మరుసటి ఏట యుద్ధము వచ్చినది. 1848లో గ్వాడలూపే ఇడాల్గో సంధితో ఆ యుద్ధము ముగిసినది. అంతవరకు రెండు ఒడ్డులవారికి నడుమ వీథివలె నున్న యేరు నాటినుండి గోడ అయినది. 1755లో ఉత్తరపు ఒడ్డున వెలసిన లరేడో పట్టణము అమెరికా పాలయినది. మెక్సికోను విడువనొల్లని కుటుంబములు కొన్ని నదిని దాటి, ఎదుటి ఒడ్డున కొత్త లరేడోను కట్టుకొన్నవి. వారు తమ పెద్దల యెముకలను సయితము త్రవ్వి వెంట తీసికొనిపోయిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. కథ ఎంతవరకు నిజమైనను, సంధిపత్రములోని ఒక వాక్యము సామాన్యుల బ్రతుకులను ఎంతగా కదల్చునో అది చాటుచున్నది.

నది మధ్యభాగమే, లోతైన పాయ వెంబడి, హద్దు అని సంధి పలికినది. కాని ఆ మధ్యభాగము కుదురుగా నుండనిచో? ఈ ప్రశ్నకు 1884 ఒప్పందము ఒక సమాధానము చెప్పినది. నది మెల్లమెల్లగా ఒక ఒడ్డును కోసి మరియొక ఒడ్డున మేట వేసినచో హద్దు నదితోపాటు జరుగును. ఒక్కుమ్మడిగా పొంగి కొత్తదారి పట్టినచో హద్దు పాతదారిలోనే నిలుచును. న్యాయముగా కనబడు ఈ సూత్రమువలన మెలిక తెగినచోటనెల్ల ఒక దేశపు నేల రెండవ దేశపు ఒడ్డున చిక్కుకొన్నది. అట్టి తునకలకు బంకోలని పేరు. వాటిని పరస్పరము మార్చుకొనుటకు 1905లో మరియొక ఒప్పందము వలసి వచ్చినది.

వీటన్నిటిలో పేరుపడినది చామిసాల్ తగవు. ఎల్ పాసోకును సియుదాద్ హువారెసునకును నడుమ నది దక్షిణమునకు జరిగినది. 1864 వరదలో ఆ మార్పు మరింత హెచ్చినది. సుమారు 600 ఎకరముల మెక్సికో నేల అమెరికా ఒడ్డున పడినది. మార్పు మెల్లగా జరిగినదా, ఒక్కుమ్మడిగా జరిగినదా అన్నదే వాదము. 1911లో మధ్యవర్తులు నేలను పంచి తీర్పు చెప్పగా అమెరికా దానిని అంగీకరింపలేదు. అర్ధశతాబ్దము గడచిన తరువాత 1963లో అధ్యక్షులు కెన్నెడీ, లోపెసు మతేయోసుల కాలమున ఒప్పందము కుదిరినది. కాంక్రీటుతో కొత్త కాలువ కట్టి, 1968 డిసెంబరులో నదిని అందులోనికి మళ్లించిరి. ఇచ్చిపుచ్చుకొన్నవి పోగా మెక్సికోకు 437 ఎకరములు దక్కినవి. బలవంతమైన రాజ్యము తాను పట్టియుంచిన నేలను యుద్ధము లేకయే విడుచుట చరిత్రలో అరుదు; ఆ ఘనతను కాదనరాదు. అయితే ఆ నేలపై నివసించుచుండిన ఐదువేలకు పైగా ప్రజలు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. మెలికలు తిరుగుటకు స్వేచ్ఛగల నది అచ్చట సిమెంటు తొట్టిలో బందీ అయినది. 1970లో కుదిరిన సంధి తక్కిన హద్దు తగవులను కూడ తీర్చినది.

నేల తగవు తీరినది. నీటి తగవు తీరలేదు. 1906 ఒప్పందము ప్రకారము అమెరికా హువారెసు లోయకు ఏటా 60,000 ఎకర అడుగుల నీరు ఈయవలెను. 1944 సంధి ప్రకారము కొంచోసు మొదలగు ఆరు మెక్సికో ఉపనదుల నీటిలో మూడవవంతు అమెరికాది. అది అయిదేండ్ల సగటున ఏటికి 3,50,000 ఎకర అడుగులకు తగ్గరాదు. ప్రతిగా అమెరికా కొలరాడో నదినుండి మెక్సికోకు ఏటా 15,00,000 ఎకర అడుగులు ఈయవలెను. అనావృష్టి వచ్చినచో బాకీని తరువాతి అయిదేండ్లకు మార్చు వెసులుబాటు కూడ సంధిలో కలదు. పత్రముపై ఇది సమంజసమే. కాని కరవు ఒక ఒడ్డును విడిచి రెండవ ఒడ్డును పట్టదు. 2020 సెప్టెంబరులో బాకీ తీర్చుటకై నీరు వదలుచుండగా చివావా రైతులు కొంచోసుపై నున్న లా బొకీయా ఆనకట్టను ఆక్రమించిరి. ఆ ఘర్షణల సందర్భమున కాల్పులలో ఒక స్త్రీ ప్రాణము పోయినది. ఆ ఏటి బాకీ గడువు దినములలో, జలాశయములలోని మెక్సికో వంతు నీటిని బదలాయించుటచే తీరినది. 2025 అక్టోబరులో ముగిసిన తరువాతి గడువునకు తీరనేలేదు. టెక్సాసు రైతు తన పైరు ఎండుచున్నదనును. చివావా రైతు తన ఊరి నీరు తన కన్నులయెదుటనే పోవుచున్నదనును. ఇద్దరి మాటయు నిజమే. తప్పు వారిలో లేదు. ఉన్న నీటికంటె ఎక్కువగా పంచిన కాగితములలో కలదు.

నదిని హద్దుగా మాత్రమే చూచు దృష్టి మనుష్యులకు కూడ కీడు చేయుచున్నది. బ్రతుకుతెరువు వెదకికొనుచు నదిని దాటబోయి అనేకులు మునిగి మరణించుచున్నారు. 2023లో టెక్సాసు ప్రభుత్వము ఈగిల్ పాస్ పట్టణము కడ తేలు గోళములను వరుసగా కట్టి నీటిపైననే అడ్డు నిలిపినది. దేశమునకు హద్దు అవసరమే. దానిని కాపాడుకొను హక్కును ఎవరును కాదనరు. కాని నదిని కంచెగా వాడుకొనువారు అది ముందుగా నది యను సంగతిని మరువరాదు.

భూగోళ శాస్త్రమును బోధించు ఉపాధ్యాయులకు ఇందులో పని కలదు. నది ఎచ్చట పుట్టినది, ఎచ్చట కలసినది అను ప్రశ్నలతో పాఠము ముగియరాదు. ఏ ఋతువులో ఎవరి కొండల నీరు వచ్చుచున్నది, దానిని ఎవరు ఎంత వాడుకొనుచున్నారు, తుదకు సముద్రమునకు మిగులుచున్నదేమి అను ప్రశ్నలును రావలెను. 2014 తరువాత కృష్ణానది కొంతదూరము రెండు తెలుగు రాష్ట్రములకు ఎల్లయై పారుచున్నది గనుక ఈ ప్రశ్నలు మన విద్యార్థులకు దూరదేశపు వింతలు కావు. పటముపై హద్దు ఒక గీత. నదియో, కొండమొదలు కడలివరకు విస్తరించిన పరివాహ ప్రదేశమంతయు. గీతకు ఇరువైపుల నిలిచి వాదులాడువారు ఆ ప్రదేశమునంతను ఒక్కటిగా చూడ నేర్చిననాడే యేటికిని, దానిని నమ్ముకొన్నవారికిని మేలు కలుగును. ఆ చూపు రాయబారుల బల్లకడ కంటె ముందు తరగతిగదిలో అలవడవలసియున్నది.