పాతర కొలతే యంత్రానికి కొలత

పశుగ్రాసం కొరత గురించిన చర్చ మన దగ్గర విత్తనంతో మొదలై సబ్సిడీతో ముగుస్తుంది. పచ్చిమేతను అదనులో కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా పాతర వేసే పని ఎవరి లెక్కలోకీ రాదు. వరికోత మిషన్లు వచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురై, చాలాచోట్ల మంటపాలైంది. దాన్ని చుట్టలు చుట్టే బేలర్లు ఆలస్యంగా చేరాయి. పాతరగడ్డి, అంటే సైలేజి, విషయంలోనూ అదే ఆలస్యం జరుగుతోంది. ట్రాక్టరుకు తగిలించే మేతకోత యంత్రాలు, అంటే ఫోరేజ్ హార్వెస్టర్లు, ఇప్పుడు మార్కెట్లో దొరుకుతున్నాయి. కొనబోయే రైతు ఎన్ని సాళ్లు కోస్తుందని, సబ్సిడీ ఎంతని అడుగుతాడు. మొదట అడగాల్సింది వేరే ఉంది: మన పాతర ఎంత, దాన్ని తొక్కేదెవరు?

పది పాడిపశువులున్న ఇంటి లెక్క చూద్దాం. ఒక్కోదానికి రోజుకు 20 కిలోల చొప్పున ఆరు నెలలకు 36 టన్నుల పాతరగడ్డి కావాలి. నీటివసతి ఉన్న మొక్కజొన్న ఎకరాకు 15 నుంచి 20 టన్నుల పచ్చిమేత ఇస్తుంది కనుక రెండెకరాలు చాలు. సాలుకూ సాలుకూ 60 సెంటీమీటర్ల ఎడం ఉన్న చేలో ఒంటిసాలు యంత్రం గంటకు 3 కిలోమీటర్లు నడిస్తే 45 సెంట్లు కోయగలదు. మలుపులకూ, ట్రాలీ మార్చడానికీ, బ్లేడ్లు సాన పట్టడానికీ మూడో వంతు సమయం తీసేస్తే మిగిలేది 30 సెంట్లు, అంటే సుమారు ఐదున్నర టన్నులు. రెండెకరాలూ ఏడు గంటల్లో అయిపోతాయి. ఆరు నెలల మేత ఒక్క పగటి పనే. అలాంటి యంత్రం ఒక ఇంటి ఆస్తిగా ఉంటే ఏడాదిలో మిగతా రోజులన్నీ కొట్టంలో తుప్పు పడుతుంది. అది ఊరి ఆస్తిగా ఉండాలి.

పెద్ద యంత్రం కొంటే ఇంకా మంచిది కదా అని చాలామంది అనుకుంటారు. నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ఇక్కడే. పాతరగడ్డి మాగేది గాలి లేనిచోట బతికే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా వల్ల. గాలిని వెళ్లగొట్టేది తొక్కుడు. పాతర దగ్గరికి గంటకు వచ్చే ప్రతి టన్ను మేతకు, తొక్కే ట్రాక్టరు బరువు 400 కిలోలు ఉండాలన్నది పాడి దేశాల్లో వాడుకలో ఉన్న లెక్క. గంటకు ఐదున్నర టన్నులొస్తే 2,200 కిలోల బరువు కావాలి. మన ఊళ్లలో తిరిగే 45 హెచ్‌పీ ట్రాక్టరు బరువు ఇంచుమించు అంతే. అంటే ఒంటిసాలు యంత్రానికీ, పాతర మీద ఆగకుండా తిరిగే ఒక్క ట్రాక్టరుకూ జోడీ సరిగ్గా కుదురుతుంది. రెండుసాళ్ల యంత్రం తెస్తే మేత రెట్టింపు వస్తుంది, తొక్కడానికి రెండు ట్రాక్టర్లు కావాలి, మోయడానికి ట్రాలీలూ పెరగాలి. దుక్కులో నాట్లో నడుస్తున్న రోజుల్లో ఒక రైతుకు అన్ని ట్రాక్టర్లు ఒకే రోజు ఎక్కడ దొరుకుతాయి? దొరకనప్పుడు తొక్కుడు తగ్గుతుంది, పొరల మధ్య గాలి మిగులుతుంది, నెలన్నర తర్వాత టార్పాలిన్ తీస్తే బూజు కనిపిస్తుంది. కోత వేగం పెరిగి మేత పాడవడం ఇలాగే.

పాతర వెడల్పులోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. తెరిచిన ముఖం నుంచి రోజూ కనీసం 20 సెంటీమీటర్ల లోతు తీస్తేనే మన ఎండలకు గడ్డి వేడెక్కకుండా నిలుస్తుంది. పది పశువులకు రోజుకు 200 కిలోలు కావాలి. ఘనమీటరుకు 600 కిలోల చొప్పున తొక్కిన పాతరలో అది ఘనమీటరులో మూడో వంతు. లెక్క కడితే పాతర ముఖం 1.7 చదరపు మీటర్లకు మించకూడదు. ట్రాక్టరు ఎక్కాలంటే అంతకన్నా వెడల్పు తప్పదు. అందుకే నలుగురైదుగురు కలిసి ఒకే పాతర వేసుకుని రోజూ పంచుకోవడమో, విడిగా వేసుకునే చిన్న రైతు సంచుల్లో నింపుకోవడమో మేలు.

గడ్డి సంగతికొద్దాం. సాళ్ల యంత్రాలు ప్రధానంగా మొక్కజొన్న, జొన్న కోసం చేసినవి. మన గట్ల మీదా మడుల్లోనూ ఉన్నది కో-4, సూపర్ నేపియర్ లాంటి బహువార్షిక గడ్డి. అది దుబ్బుగా పెరుగుతుంది. సాళ్ల ఎడం ట్రాక్టరు చక్రాలకు కుదరకపోతే చక్రం దుబ్బులను నలిపేస్తుంది, మలికోత ఆలస్యమవుతుంది. యంత్రం తేవాలనుకున్నవాళ్లు ముక్కలు నాటేనాడే ఎడం నిర్ణయించుకోవాలి. సాలుతో పనిలేకుండా తిరిగే డ్రమ్ములతో గడ్డిని లాక్కునే ముందుభాగం ఉన్న యంత్రాలు నేపియర్‌కు బాగా కుదురుతాయి, కానీ అవి ఎక్కువ హెచ్‌పీ అడుగుతాయి.

నేపియర్‌తో అసలు చిక్కు నీరు. 45 రోజుల గడ్డిలో 80 శాతానికి పైగా నీరే, చక్కెర తక్కువ. నేరుగా పాతర వేస్తే పులుపు తొందరగా ఎక్కదు. ఆ సందులో క్లోస్ట్రీడియా అనే బ్యాక్టీరియా చేరి బ్యుటిరిక్ ఆమ్లం తయారుచేస్తుంది, ఆ కంపుకు గేదె మూతి తిప్పుకుంటుంది. ఎండ ఎరుగని ఫిన్లండ్‌లోనూ ఇలాంటి కష్టమే ఉండేది. అక్కడి శాస్త్రవేత్త ఆర్తూరి విర్తానెన్ పచ్చిగడ్డికి ఆమ్లం కలిపి నిలవ చేసే పద్ధతిని రూపొందించాడు. ప్రధానంగా ఆ కృషికే 1945లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పశువు మేత మీద పరిశోధనకు నోబెల్ ఇచ్చిన ప్రపంచమిది. మన దగ్గర ఆ పని ఇంకా ఎవరికీ పట్టని పనిగానే ఉంది. మనకు ఆమ్లం అక్కర్లేదు, ఎండ ఉంది. కోసి ఒక పూట వాడనిస్తే సన్నకాడ గడ్డి దారికొస్తుంది. లావుకాడ నేపియర్ మాత్రం అంత తేలిగ్గా వాడదు. దానికి వరిగడ్డి తోడు కావాలి. 18 శాతం పొడిపదార్థం ఉన్న నేపియర్ 900 కిలోలకు నూరు కిలోల ఎండు వరిగడ్డి ముక్కలు కలిపితే మొత్తం మీద పొడిపదార్థం 25 శాతానికి చేరుతుంది. టన్నుకు 20 కిలోల బెల్లపుమడ్డి చేరిస్తే బ్యాక్టీరియాకు కావలసిన చక్కెర అందుతుంది. ముక్కలను గుప్పిట్లో గట్టిగా పిండి చూడండి. రసం కారితే తడి ఎక్కువ. వేళ్లు విప్పాక ముద్ద మెల్లగా విడిపోతే పాతరకు సిద్ధం.

చవకగా దొరుకుతున్నాయని గొలుసుకత్తుల ఫ్లెయిల్ యంత్రాలను ఈ పనికి కొనవద్దు. అవి గడ్డిని కోయవు, కొట్టి చీల్చుతాయి. ముక్కలు జానెడు, బెత్తెడు, ఇష్టమొచ్చినట్టు వస్తాయి. నేలకు ఆనించి నడిపితే మట్టినీ పీల్చుకుంటాయి, ఆ మట్టితోనే క్లోస్ట్రీడియా పాతరలోకి వస్తుంది. రోలర్లు గడ్డిని పట్టి ఒకే వేగంతో అందిస్తే తిరిగే బ్లేడ్లు కోసే యంత్రమే కావాలి. మొక్కజొన్నకు, ముదురు నేపియర్‌కు ముక్క ఒకటి రెండు సెంటీమీటర్లు, వాడిన సన్నగడ్డికి రెండు మూడు. పొడుగైతే గాలి చిక్కుకుంటుంది, పశువు ఆకు ఏరుకుని కాడ వదిలేస్తుంది. మరీ పొడి చేస్తే నెమరు తగ్గి వెన్న శాతం పడిపోతుంది. యంత్రం కొనే స్తోమత లేని ఊళ్లో కొడవళ్లతో కోయించి పాతర పక్కనే ట్రాక్టరుతో తిరిగే చాఫ్ కట్టర్ పెట్టుకోవడం చిన్నతనమేమీ కాదు. కూలీలు దొరికినంతకాలం అది నికరమైన పద్ధతి.

ట్రాక్టరు విషయంలో అందరూ హెచ్‌పీ అడుగుతారు, క్లచ్ అడగరు. సింగిల్ క్లచ్ ట్రాక్టరులో గడ్డి ఒత్తుగా తగిలినప్పుడు క్లచ్ తొక్కితే చక్రాలతో పాటు యంత్రాన్ని తిప్పే వెనక షాఫ్టు, అంటే పీటీఓ, కూడా ఆగిపోతుంది. నోట్లో ఉన్న గడ్డి మింగకుండానే యంత్రం బిగుసుకుంటుంది. డబుల్ క్లచ్ ఉంటే, లేదా పీటీఓకు విడి క్లచ్ ఉంటే, బండి ఆగినా బ్లేడ్లు తిరుగుతూ అడ్డుపడ్డదాన్ని ఊదేస్తాయి. ఈ ఒక్క తేడా రోజుకు గంటల పని కాపాడుతుంది. అంతే ముఖ్యమైనది తక్కువ గేరు. పీటీఓ నిమిషానికి 540 తిరుగుళ్ల మీద నిలకడగా ఉండాలి. గడ్డి ఒత్తయితే గేరు తగ్గించాలే కానీ యాక్సిలరేటర్ తగ్గించకూడదు. తిరుగుడు పడిపోతే గొట్టం పూడుకుపోతుంది.

డీజిలు ఎక్కువ తాగుతోందని యంత్రాన్ని తిట్టేవాళ్లు ముందు బ్లేడు అంచు చూడాలి. మొండిబ్లేడు కోయదు, నలుపుతుంది. బ్లేడుకూ కిందనున్న ఎదురుబ్లేడుకూ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండకూడదు. సాన పట్టిన ప్రతిసారీ ఆ సందు మళ్లీ సరిచేయాలి. ఇది డ్రైవరుకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చూపించాల్సిన పని. మన దగ్గర యంత్రం ఇచ్చేరోజు ఫొటోలు దిగుతారు, ఇది మాత్రం చూపించరు.

చేలో తీగముక్కల సంగతి ఇంకా తీవ్రమైనది. ఖరీదైన విదేశీ యంత్రాల్లో ఇనుమును పసిగట్టి రోలర్లను ఆపే ఏర్పాటు ఉంటుంది. మన చిన్న యంత్రాల్లో అది ఉండదు. కంచెతీగ ముక్కలై మేతలో కలిస్తే ఆవు కడుపులోకి, అక్కడి నుంచి గుండె పొర దాకా గుచ్చుకుని చంపుతుంది. కోతకు ముందురోజు ఇద్దరు మనుషులు చేను చుట్టూ, సాళ్ల వెంట నడిచి తీగలు, రాళ్లు, డ్రిప్పు పైపులు తీసేయాలి. మనిషి సంగతీ అంతే. పీటీఓ షాఫ్టుకు తొడుగు లేని యంత్రాన్ని చేలోకి రానివ్వకూడదు. అది మనిషిని లాగేయడానికి తువాలు కొసో, చీర చెంగో చాలు. ఇంజను ఆపాక కూడా బ్లేడ్ల డ్రమ్ము కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ఇక ప్రభుత్వం. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ యంత్రాలకూ అద్దె కేంద్రాలకూ రాయితీ ఇస్తుంది. జాతీయ పశుసంపద మిషన్ 2021లో మారిన రూపంలో సైలేజి యూనిట్లకు 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల దాకా మూలధన రాయితీ ఇస్తోంది. మంచిదే. కానీ ఆ డబ్బు ప్రధానంగా అమ్మకానికి బేళ్లు తయారుచేసే యూనిట్లకు చేరుతుంది. లారీలో వచ్చే టన్ను సైలేజిలో సుమారు 700 కిలోలు నీళ్లే. ఆ నీళ్లకూ రైతే కిరాయి కడుతున్నాడు. భూమి లేని పాడిరైతుకు, కరవు ఏడాదికి బేళ్లు తప్పవు. రెండెకరాలూ బోరూ ఉన్నవాడికి మాత్రం తన చేలోనే పాతర వేయించడం చవక.

అందుకు ఇనుముకు ఇచ్చే రాయితీలో కొంత భాగాన్ని పనిగంటకు మార్చాలి. యంత్రం పాలసంఘం పేర ఉండాలి. ఎవరింట్లో ఎన్ని పశువులున్నాయో, ఏ చేను ఎప్పుడు పాలుపోసుకుంటుందో ఊళ్లో పాలకేంద్రానికి తెలిసినంతగా ఏ దఫ్తరుకూ తెలియదు. ముల్కనూరులో మహిళలు నడిపే సహకార డెయిరీ లాంటి సంఘాలకు వరుసక్రమం వేసి కిరాయి వసూలు చేయడం కష్టమేమీ కాదు. చిన్న రైతుకు ఏడాదికి ఏడెనిమిది గంటల కోత కిరాయిలో సగం కూపన్‌గా ఇవ్వాలి. యంత్రంతో పాటే అదనంగా ఒక సెట్టు బ్లేడ్లు, ఎదురుబ్లేడు, షాఫ్టు తొడుగు ఇవ్వాలని టెండరులోనే రాయాలి. డ్రైవర్ల శిక్షణ రబీ మొక్కజొన్న కోతకు నెల ముందే, యంత్రం నడిచే ఊళ్లోనే జరగాలి.