చూరునీటికి సంఘమే పూనవలెను

వాన రాలేదని వగచుట మనకు వాడుక. వచ్చిన వాన యెటు పోయినదని విచారించువారు అరుదు. అనంతపురము సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. అందును కొన్ని పెనువానలు వీధులను కోసి, పొలముల మేలిమన్నును వంకల పాలు చేయును.

లెక్క చూడుడు. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల గిడ్డంగి కప్పుపై ఏటికి 55,000 లీటర్లు పడును. అయిదవ వంతు వ్యర్థమైనను 44,000 లీటర్లు మిగులును.

పేదరైతు తొట్టి కట్టింపజాలడు. ఒకరి చూరునీరు వేరొకరి గోడను తడిపినచో కలహమే ఫలము. కావున సంఘమే పూనవలెను. గిడ్డంగి చూరునకు దోనెలు కట్టి, తొలివాన మురికినీటిని విడిచి, తక్కిన నీటిని మూతగల తొట్టిలో నిలుపవలెను. పొర్లునీరు పునాదికి దూరముగా త్రవ్విన పల్లపు మడిలో ఇంకవలెను. ఆ మడిలో వట్టివేరు నాటినచో మన్ను కోసుకొనిపోదు. నీరు రెండు దినములకు మించి నిలిచినచో దోమలు పెరుగును. కావున మడి నేల గుల్లగా నుండవలెను.

ఒక్క గిడ్డంగితో వంక యుద్ధృతి తగ్గదనుట నిజమే. కాని బడియు, చావడియు, ఇండ్లును ఆ దారి పట్టుటకు తొలిమాదిరి వలదా?

చెఱువు మరామతునకు కూడి పనిచేయుట మన పూర్వుల యాచారము. మద్రాసు రాజధానిలో 1858లో దానికి చట్టబలము కలిగినను ఆ యాచారము సడలిపోయెను. శాసనము నిలుపలేని దానిని సంఘపు కట్టుబాటు నిలుపవచ్చును. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున లాభములో కొంత భాగమును, ఇంటికొక దినపు శ్రమను ఇందులకై తీర్మానింతురు గాక!