పాత కార్డు, కొత్త రీడరు

పోయిన నెల బీరువా సర్దుతుంటే పాత కెమెరా దొరికింది. చార్జరు ఎప్పుడో పోయింది గానీ లోపల 8 జీబీ మెమరీ కార్డు ఉంది. 2012లో అమ్మను హంపీకి తీసుకెళ్లినప్పటి ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆ మరుసటి ఏడే అమ్మ పోయింది.

ఇంట్లో ఉన్న పాత కార్డు రీడరులో పెడితే, "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగింది కంప్యూటరు. "అవునని నొక్కేయి మామా, తెరుచుకుంటుంది" అన్నాడు మేనల్లుడు. చదవని కాగితం మీద సంతకం పెట్టే అలవాటు బ్యాంకువాడికి ఉంటుందా? వద్దన్నాను.

తప్పు కార్డుది కాదండీ. తొలి ఎస్‌డీ కార్డులు 2 జీబీ దాకానే. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 32 జీబీ దాకా పట్టాయి. ఆకారం ఒకటే, లోపలి లెక్క వేరు. ఆ లెక్క తెలియని పాత రీడరు మంచి కార్డును కూడా చెడిందనుకుంటుంది. బళ్లారి బెంగళూరు రోడ్డులో 150 రూపాయలకు కొత్తది తెచ్చాను. కార్డు పక్కనుండే చిన్న మీటను 'లాక్' వైపు జరిపి మరీ పెట్టాను. మీరూ ఆ పని మరవకండి.

43 ఫొటోలు! 2017 నుంచి యాభై నోటు మీద చూస్తున్నామే, ఆ రాతిరథం ముందు అమ్మ. ఎండకు కొంగు నెత్తిన కప్పుకొని, త్వరగా కానిమ్మని నన్ను కసురుతోంది.