సీటు దాకా రిజర్వేషన్, కొలువు దగ్గర ‘ప్రతిభ’

ఎప్‌సెట్ ర్యాంకులు వెలువడి వెబ్ ఆప్షన్ల గడువు మొదలయ్యే రోజుల్లో ఏటా ఒక హితబోధ వినిపిస్తుంది. అందరూ కంప్యూటర్ సైన్స్ వైపే పరుగెడితే సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఎవరు చదవాలి, పిల్లలు అభిరుచిని బట్టి బ్రాంచ్ ఎంచుకోవాలి అన్నది దాని సారాంశం. మాట మంచిదే. ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది కూడా చూడాలి. సాఫ్ట్‌వేర్ జీతాలతో హైదరాబాద్‌లో ఇళ్లు, అమెరికాలో బంధువర్గం ఏర్పరచుకున్నవారు, కుటుంబంలో తొలిసారి కళాశాల మెట్లెక్కిన కూలీ బిడ్డకు అభిరుచి గురించి బోధించడంలో ఒక అసంగతి ఉంది.

వ్యక్తి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా పుట్టుకతోనే వృత్తిని నిర్ణయించడం కులవ్యవస్థ మౌలిక లక్షణమని అంబేద్కర్ 1936లోనే విశ్లేషించారు. అందువల్ల మాదిగ వాడ నుంచో చాకలి ఇంటి నుంచో వచ్చిన విద్యార్థికి బ్రాంచ్ ఎంపిక కేవలం కెరీర్ వ్యవహారం కాదు. తరతరాల నిర్ణయాన్ని తిరగరాసే ప్రయత్నం. ఆ ప్రయత్నం కంప్యూటర్ వైపే ఎందుకు మళ్లింది? సివిల్ చదివి కాంట్రాక్టరు కావాలంటే పెట్టుబడి కావాలి, పరిచయాలు కావాలి. మెకానికల్ చదివి పరిశ్రమ పెట్టాలంటే స్థలం, బ్యాంకు పూచీకత్తు కావాలి. భూమీ పెట్టుబడీ లేని కులాలకు, డిగ్రీ ఒక్కటే మూలధనంగా ప్రవేశించగల రంగంగా సాఫ్ట్‌వేర్ కనిపించింది. దీన్ని మోజు అని కొట్టిపారేయడం అన్యాయం.

ఈ దారి మొదట తెరుచుకున్నది వారికి కాదు. కోస్తా డెల్టాలోని వ్యవసాయ మిగులు ప్రైవేటు కళాశాలలకూ ఎంసెట్ శిక్షణకూ, ఆపై అమెరికా వలసలకూ పెట్టుబడి అయింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాకే దళిత, బహుజన విద్యార్థులు పెద్దసంఖ్యలో ఇంజినీరింగ్‌లో చేరగలిగారు. ఆ తలుపు కూడా పూర్తిగా తెరిచి లేదు. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ప్రభుత్వం చెల్లించేది సాధారణంగా ఏడాదికి 35 వేల రూపాయలే. పేరున్న కళాశాలల్లో ఫీజు లక్షన్నర దాటుతోంది. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు హామీ ఉన్నా, బకాయిలు వేల కోట్లకు చేరడంతో యాజమాన్యాలు ధ్రువపత్రాలు ఆపుతున్నాయి. చేతిలో నియామక పత్రం ఉండి, చేరే రోజుకు డిగ్రీ పట్టా అందని విద్యార్థులను అధ్యాపకుడిగా నేను చూశాను.

అసలు ప్రశ్న దాని తర్వాత మొదలవుతుంది. రాజ్యాంగం విద్యార్థిని సీటు దాకా తీసుకొస్తుంది. ప్రైవేటు కొలువు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అక్కడ ‘ప్రతిభ’ పాలన మొదలవుతుంది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా 60 శాతం తగ్గరాదని, బ్యాక్‌లాగులు ఉండరాదని అనేక కంపెనీల షరతు. చూడటానికి ఇది అందరికీ సమానమే. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి మొదటి ఏడాది ఇంగ్లిషులో పాఠం అర్థం చేసుకోవడానికే తంటాలు పడిన విద్యార్థినే అది ముందుగా వడపోస్తుంది. ఉద్యోగ ప్రకటనలకు సమాన అర్హతలతో, వేర్వేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం గణనీయంగా తక్కువని అది తేల్చింది. ఇంటర్వ్యూలో ‘కుటుంబ నేపథ్యం’ అడగడాన్ని మానవ వనరుల అధికారులు సహజంగానే భావిస్తున్నారని అదే ఏడాది సురిందర్ జోధ్కా, కాథరీన్ న్యూమన్ చూపించారు. మనవైపు ఆ ప్రశ్న ‘మీదే ఊరు, ఇంటిపేరేమిటి’ అన్న రూపంలో వస్తుంది.

సముద్రం దాటితే కులం పోతుందన్న భ్రమా నిలవలేదు. తెలుగు ఇంజినీర్లు పెద్దసంఖ్యలో పనిచేసే కాలిఫోర్నియాలో, దళిత ఇంజినీరుపై వివక్ష చూపారన్న అభియోగంతో 2020లో ప్రభుత్వ విభాగం సిస్కోపై దావా వేసింది. ఇద్దరు మేనేజర్లపై కేసును 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకున్నా, కులం అన్న మాట తొలిసారి అక్కడి సాంకేతిక రంగం చర్చలోకి వచ్చింది. అదే ఏడాది సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అటువంటి బిల్లును గవర్నర్ తిరస్కరించారు.

అలాగని కంప్యూటర్ చదవవద్దని నేను చెప్పను. ‘మీకిది తగదు’ అన్న మాట ఈ సమాజం వారికి చాలాసార్లు చెప్పింది. కళ్లు తెరిచి ఎంచుకోమనే నా సూచన. 2024–25 నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి సీట్ల పరిమితిని తొలగించింది. కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ పేర్లతో సెక్షన్లు పెరిగినంత వేగంగా అధ్యాపకులు పెరగలేదు. బ్రాంచ్ పేరు కంటే కళాశాలను ముందు చూడాలి; గరిష్ఠ ప్యాకేజీని కాదు, ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో అడగాలి. 2023–24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటా ఉద్యోగుల సంఖ్య తగ్గిందన్నదీ గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ ఇంజినీరు కొలువులు ప్రధానంగా సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ వారివి. వాటిలో రిజర్వేషన్ ఉంది. అంటే బ్రాంచ్ ఎంచుకోవడమంటే రిజర్వేషన్ ఉన్న ఉద్యోగ విపణికీ లేని విపణికీ మధ్య ఎంచుకోవడం కూడా. ఈ సంగతి కౌన్సెలింగ్ కేంద్రంలో ఎవరూ చెప్పరు.

అయితే ఈ భారమంతా పదిహేడేళ్ల విద్యార్థి మీద వేసి ప్రభుత్వాలు తప్పుకోజాలవు. ప్రతి కళాశాలా ప్రాంగణ నియామకాల వివరాలను సామాజిక వర్గాల వారీగా ప్రకటించాలని చట్టం చేయాలి. సీటు కేటాయింపులో కులాల లెక్క ఉన్నప్పుడు నియామకంలో ఎందుకు ఉండకూడదు? బోధనా రుసుం బకాయిల పేరుతో పట్టాలు ఆపడాన్ని నేరంగా పరిగణించాలి. రాయితీపై భూములు, పన్ను మినహాయింపులు పొందే ఐటీ సంస్థలు తమ ఉద్యోగుల సామాజిక కూర్పును వెల్లడించాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల చర్చ ఆ లెక్కలతోనే మొదలవ్వాలి. అప్పటిదాకా ‘అభిరుచిని బట్టి ఎంచుకోండి’ అన్న సలహా, ఎంచుకునే వెసులుబాటు ముందే ఉన్నవారికి మాత్రమే వర్తిస్తుంది.